సంఖ్యకు చివరి పెట్టె ఏది?

విరుదునగరం నుంచి మానామదురైకి పోయే రైలుదారిలో అరుప్పుక్కోట, తిరుచ్చుళి దాటితే మన నరికుడి స్టేషను. బండి ఆగకుండా దాటిపోయేటప్పుడు స్టేషనువారు ముఖ్యంగా చూడవలసినది చిట్టచివరి పెట్టెను. దాని వెనుక పెద్ద అడ్డుగుర్తు గాని, 'ఎల్.వి.' అనే పలక గాని, రాత్రివేళ ఎర్రదీపం గాని కనబడాలి. కనబడితే బండి మొత్తం దాటినట్టు. కనబడకపోతే మధ్యలో యెక్కడో పెట్టెలు తెగి దారిలోనే నిలిచిపోయి వుండవచ్చును. ఆ సంగతి తేలేదాకా వెనుక మరొక బండిని విడువరాదు. పెట్టెలు పది వున్నా, యాభై వున్నా ఈ పద్ధతికి ఒకటే. ఎన్ని అని ముందుగా తెలియనక్కర లేదు, చివరిది ఏదో తెలిస్తే చాలును.

కంప్యూటరులో సంఖ్యలు దాచేవారికి కూడా అచ్చంగా ఇదే సమస్య. ఈ నెల మేము ముచ్చటించదలచినది ఆ సంగతే. లెక్కలంటే గిట్టనివారు భయపడి పుట తిప్పనక్కర లేదు. ఇందులో కూడికలు కొద్ది. అదీ మన అవ్వలు నోటితో చేసినవే.

కంప్యూటరు తన లెక్కలన్నీ గదులలో దాచుకుంటుంది. గదికి ఎనిమిది అరలు. ఒక్కొక్క అరలో వుండగలిగినది సున్న, లేక ఒకటి. అరను బిట్టు అనీ, గదిని బైటు అనీ అంటారు. ఎనిమిది అరలతో 0 మొదలు 255 వరకు చెప్పవచ్చును. అంతకు మించితే రెండో గది కావాలి, అదీ చాలకపోతే మూడోది. మనం చిట్టా రాసేటప్పుడు రెండు పద్దుల నడుమ ఖాళీ విడుస్తాము, గీత గీస్తాము. యంత్రంలో గదులన్నీ ఒకదానినొకటి ఆనుకొని వుంటాయి. అక్కడ ఖాళీ అనే వస్తువే లేదు. ఖాళీని కూడా సున్నలతోనూ ఒకట్లతోనూ రాయవలసిందే. అటువంటప్పుడు ఈ సంఖ్య రెండు గదులదా, అయిదు గదులదా అన్నది దానికి ఎవరు చెప్పాలి?

సులువైన మార్గం, అందరికీ ఒకే కొలత పెట్టడం. తపాలావారి పిన్ నంబరు అటువంటిది. 1972 ఆగస్టు 15న అది వచ్చినప్పటి నుంచి దేశమంతటా ఆరు అంకెలే. విరుదునగరానికి 626001, కోవిల్‌పట్టికి 628501. ఊరు చిన్నదైనా పెద్దదైనా ఆరు గళ్లు గీసి పెట్టుకుంటే సరిపోతుంది. కంప్యూటరుకు ఇందులో గొప్ప సౌకర్యం వున్నది. ప్రతి సంఖ్యకూ నాలుగే గదులు అని నియమం పెట్టుకుంటే, వెయ్యో సంఖ్య కావలసి వచ్చినప్పుడు మొదటినుంచి తడుముకోనక్కర లేదు. నాలుగువేల దగ్గరకు నేరుగా పోయి తీసుకోవచ్చును. అందుకే యంత్రాలలో అధిక భాగం ఈ పద్ధతినే పట్టుకున్నవి.

మన తెలుగువారి చేతిమీదుగా వచ్చిన యంత్రం కూడా అలాంటిదే. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు ఆదినుంచీ నడిపిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1967లో హైదరాబాదులో వెలిసింది. టి.డి.సి.-12 అనే యంత్రం ఆ సంస్థదే, 1969 నాటిది. పేరులోని పన్నెండు దాని కొలత. ఒక సంఖ్యకు పన్నెండు అరలు, అంటే 0 మొదలు 4095 వరకు. అంతకన్న పెద్ద లెక్క కావలసినవారు రెండు మూడు ముక్కలను తామే అతికించుకొని లెక్క చేయవలసినదే.

ఒకే కొలత పెట్టినవారికి తరువాత వచ్చే ఇబ్బంది ఇదే, కొలత నిండిపోవడం. 32 అరలలో ఒక అర కూడిక, తీసివేత గుర్తుకు పోగా పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. యూట్యూబులో 'గంగ్నం స్టైల్' అనే కొరియా పాటను చూచినవారి లెక్క 2014 డిసెంబరులో ఆ గీతను తాకింది. అరలను 64కు పెంచవలసి వచ్చిందని ఆ సంస్థ ప్రకటించింది. పాట సంగతి సరదాకే. కాని చాలా యంత్రాలు కాలాన్ని కూడా 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకండ్లుగా ఆ 32 అరలలోనే లెక్కిస్తూ వచ్చినవి. అవి నిండేది 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకు. అప్పటికి సరిచేయక విడిచిన యంత్రం ఏదైనా వుంటే అది మరుసటి సెకండును 1901వ సంవత్సరమని చెబుతుంది. పెద్ద యంత్రాలను చాలావరకు సరిచేశారు. గోడలలోనూ, మోటార్లలోనూ దాగి వున్న చిన్న యంత్రాలను గురించే జాగ్రత్త పడవలసి వున్నది.

అయితే కొలత పెట్టకుండా సంఖ్యను దాని అవసరమంత పొడుగు పోనివ్వరాదా? పోనివ్వవచ్చును. అందుకు మన యిండ్లలోనే చక్కని నిదర్శనం వున్నది. టెలిఫోను నంబరు చూడండి. ముందు సున్న తీసివేస్తే చెన్నపట్నానికి 44, మదురైకి 452, విరుదునగరానికి 4562, కోవిల్‌పట్టికి 4632. ఒకదానికి రెండంకెలు, ఒకదానికి మూడు, మనకు నాలుగు. ఊరి సంకేతం పెరిగినకొద్దీ యింటి నంబరు తగ్గుతుంది. పట్నంలో ఎనిమిది అంకెలు, మదురైలో ఏడు, మన దగ్గర ఆరు. రెండూ కలిపితే యెప్పుడూ పదే. జనం యెక్కువగా వున్న పట్నానికి చిన్న సంకేతం ఇచ్చి, యింటి నంబర్లకు చోటు మిగిల్చినారు.

మరి అంకెలన్నీ గుక్కతిప్పకుండా నొక్కినప్పుడు, సంకేతం యెక్కడ ముగిసిందో ఎక్స్‌ఛేంజికి యెట్లా తెలిసింది? మనం మధ్యలో ఆగి చెప్పలేదు గదా! కిటుకు సంకేతాలు పంచినవారి చేతిలో వున్నది. మదురైకి 452 ఇచ్చిన తరువాత, 452తో మొదలయ్యే నాలుగంకెల సంకేతాన్ని మరే ఊరికీ ఇవ్వరు. కనుక 4, 5, 2 రాగానే యంత్రం 'ఇది మదురై' అని ఆగిపోతుంది. 4, 5, 6 వస్తే 'ఇంకా ఒకటి రావాలి' అని కాచుకుంటుంది. మొదటి అంకెలే తమ పొడుగును తాము చెప్పుకుంటున్నవన్నమాట. 2021 జనవరి 15 నుంచి ఇంటి ఫోనులోనుండి సెల్‌ఫోనుకు పిలిచేటప్పుడు ముందు సున్న నొక్కమని టెలిఫోను శాఖ ఆదేశించినది కూడా ఇటువంటి యుక్తే. ముందొక సున్న చేర్చినందువల్ల దాదాపు 254 కోట్ల కొత్త నంబర్లకు చోటు దొరుకుతుందని వారి లెక్క.

ఇక చివరి పెట్టెకు పలక తగిలించే పద్ధతి. 1963 ఆగస్టులో కాన్పూరు ఐ.ఐ.టి.కి వచ్చిన ఐ.బి.ఎం. 1620 అనే యంత్రానికి సంఖ్య పొడుగు మీద నియమమే లేదు. దానిలో ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క చోటు. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి పదులు, వందలు అని యెడమకు పోతూ వుంటుంది. ఏ అంకె మీద జెండాగుర్తు కనబడితే అక్కడ ఆగుతుంది. అయిదంకెలైనా యాభై అంకెలైనా కూడిక ఒకటే. మనం పలక మీద కూడే తీరు కూడా ఇదే గదా. ఆ యంత్రానికి కూడిక సొంతంగా రాదు, ఎక్కాలవలె ఒక పట్టిక పెట్టుకొని అందులో చూచి చెప్పేది! బడిలో ఎక్కాలు బట్టీ పట్టినవారికి ఈ యంత్రం మీద కొంచెం అభిమానం కలగక మానదు.

ఈనాడు ప్రపంచంలో విరివిగా వాడే పద్ధతి దీనికి తమ్ముడు. ఎనిమిది అరల గదిలో ఏడు అరలను సంఖ్యకు వాడి, ఎనిమిదో అరను పలకకు విడిచిపెడతారు. ఆ అరలో 1 వుంటే 'వెనుక యింకా గది వున్నది' అని, 0 వుంటే 'నేనే చివరి పెట్టెను' అని అర్థం. ఏడు అరలలో 127 దాకా పడుతుంది కనుక చిల్లర సంఖ్యలన్నీ ఒక్క గదితో సరి. 300 కావాలంటే 128 చొప్పున కట్టలు కట్టాలి. రెండు కట్టలు, మీద 44. ఒక గదిలో 44, మరొక గదిలో 2. రెండు గదులతో పని తీరింది. ఏది ముందు పెట్టాలనేది ఒక్కొక్కరి ఆచారం. మన యిళ్లలో కూడా చిల్లర ఖర్చులు యెక్కువ, పెద్ద పద్దులు తక్కువ. యంత్రం చూచే లెక్కలూ చాలావరకు అంతే. అందువల్ల ఈ పద్ధతిలో చోటు బాగా మిగులుతుంది. నష్టం కూడా చెప్పాలి. వెయ్యో సంఖ్య కావాలంటే ముందున్న తొమ్మిది వందల తొంభైతొమ్మిదింటినీ దాటుకుంటూ పోవలసిందే. నేరుగా దూకడానికి లేదు.

ఇంతవరకు చదివి, ఇదంతా దొరల దేశపు తెలివి అనుకొనేవారుంటారు. మన పూర్వపు కరణాలు భిన్నాలు రాసిన తీరు చూస్తే ఆ మాట అనరు.

రూపాయికి నాలుగు పావలాలు. పావలాకు నాలుగు అణాలు. అణాకు నాలుగు కానులు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేవరకు దేశమంతా ఈ లెక్కే. అన్నీ నాలుగులే కనుక తెలుగువారు భిన్నాలకు నాలుగు చొప్పున స్థానాలు యేర్పరచుకున్నారు. మొదటి స్థానం పావులకు, రెండవది వీసాలకు, అంటే పదహారో వంతులకు, మూడవది అరవైనాలుగో వంతులకు. ఇంకా సూక్ష్మం కావాలంటే నాలుగో స్థానం, అయిదో స్థానం. ఆగవలసిన చోటు లెక్క రాసేవాని ఇష్టం. ఇందులో అందమంతా గీతలలో వున్నది. మొదటి స్థానంలో నిలువుగీతలు, రెండవదానిలో అడ్డగీతలు, మూడవదానిలో మళ్లీ నిలువు, నాలుగవదానిలో మళ్లీ అడ్డం.

ఉదాహరణకు మూడు రూపాయల ఏడు అణాల ఒక కానీ అనుకోండి. ఏడు అణాలంటే ఒక పావలా, మూడు అణాలు. కనుక 3 వేసి, పక్కన ఒక నిలువుగీత, ఆ పక్కన మూడు అడ్డగీతలు, మళ్లీ ఒక నిలువుగీత: ౩౹౾౹. పక్కపక్క స్థానాలు కలిసిపోయే ప్రమాదమే లేదు. నిలువు ఆగి అడ్డం మొదలైందంటే స్థానం మారినట్టు. నడుమ ఖాళీ విడువనక్కర లేదు, చుక్క పెట్టనక్కర లేదు. రూపాయలు అంకెలలో వుంటాయి, భిన్నం గీతలలో వుంటుంది కాబట్టి ఏది యెక్కడ ముగిసిందో చూపుతోనే తెలుస్తుంది. చీనా దేశస్థులు పుల్లలు పేర్చి లెక్కలు చేసినప్పుడు కూడా స్థానం మారినప్పుడల్లా పుల్లలను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టేవారు. ఒకే కష్టానికి దూరదూరాన వున్నవారు ఒకే విరుగుడు కనిపెట్టినారు.

స్థానం ఖాళీ అయితే? దానికీ గుర్తు వున్నది; ఒకటి కాదు, రెండు. వీసాల స్థానానికి మామూలు సున్న. పావుల స్థానానికి వేరే గుర్తు, దాని పేరు హళ్లి. ఏమీ మిగలనప్పుడు 'హళ్లికి హళ్లి, సున్నకు సున్న' అని అనేస్తాము. ఆ మాటలో రెండు సున్నలు యెందుకున్నవో అడిగినవారు తక్కువ. బేసి స్థానంలోనూ లేదు, సరి స్థానంలోనూ లేదు అని మా భావన.

మనం తరతరాలుగా కలిసి బ్రతుకుతున్న తమిళుల పద్ధతి వేరు. వారు మా అంటే ఇరవయ్యో వంతు, కాణి అంటే ఎనభయ్యో వంతు, ముందిరి అంటే 320వ వంతు అని ఒక్కొక్క భిన్నానికి ఒక్కొక్క గుర్తు పెట్టినారు. పైకి పోయినా అంతే, పదికి, నూరుకు, వెయ్యికి విడివిడి గుర్తులు. వారి పద్ధతిలో పేరున్న భిన్నం చటుక్కున రాయవచ్చు. మన పద్ధతిలో పేరు లేని భిన్నాన్ని కూడా రాయవచ్చు. ఒకరిది గొప్ప, ఒకరిది తక్కువ అనడానికి లేదు. పొలం లెక్కలకు ఏది అలవాటైతే అదే సులువు.

ఈ తెలుగు గుర్తులకు ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడు పట్టికలో 2008 ఏప్రిల్‌లో చోటు దొరికింది. హళ్లితో కూడా ఏడు భిన్నపు గుర్తులు, వాటికి తోడు తూము గుర్తు, వెరసి ఎనిమిది. తమిళ భిన్నాలు చాలావరకు 2019 మార్చిలో చేరినవి. చోటు దొరికిందే గాని వాడేవారు లేరు. పాత దస్తావేజులో ఒకరి వాటా ఎంతో ఆ గీతలలోనే వుంటుంది. వాటిని చదవగల కళ్లు యేటికేడు తగ్గుతున్నవి. ఒక నిలువుగీతను 'ఒకటి' అనుకొని చదివితే పావు వాటా నిండు వాటా అయికూర్చుంటుంది. అడ్డగీత సంగతి యింకా చెడ్డది. వీసం వాటాను కొట్టివేత అనుకొనేవారుంటారు.

యూనికోడు మాట వచ్చింది కనుక మన అక్షరాల సంగతి కూడా చెప్పి ముగిస్తాము. యంత్రానికి అక్షరం కూడా సంఖ్యే. ఆ సంఖ్యలను గదులలో పెట్టే పద్ధతిని 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే యిద్దరు న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో, బల్ల మీద పరిచే కాగితం మీద గీసి చూచుకున్నారు. దానికి యు.టి.ఎఫ్.-8 అని పేరు. టెలిఫోను సంకేతాల వలెనే మొదటి గదిని చూడగానే వెనుక ఎన్ని వున్నవో తెలిసిపోతుంది. అంతేగాక వెనుక వచ్చే ప్రతి గది మీదా 'నేను మొదటిదాన్ని కాను' అనే గుర్తు కూడా వుంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక గది చాలు. తెలుగు అక్షరానికి మూడు. గుణింతపు గుర్తుకు వేరుగా మూడు.

నరికుడి పేరే తీసుకుందాము. న, ర, దాని గుడి, క, దాని కొమ్ము, డ, దాని గుడి, అంటే ఏడు, ఇరవైఒక్క గదులు. ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది గదులు. తమిళంలో 'నరిక్కుడి' అని క ఒత్తి రాస్తారు కనుక తొమ్మిది గుర్తులు, ఇరవైఏడు గదులు. ఇప్పుడు ఎవరో ఒక గుమాస్తా 'ఊరి పేరుకు ఇరవై గదులు చాలవా, ఇంగ్లీషువారికి ధారాళంగా సరిపోతున్నవి గదా' అని గడి గీసినాడనుకోండి. మన ఊరికి ఒక గది తక్కువ. చివరి గుడి తెగిపోతుంది. కాగితం మీద 'నరికుడ' అనీ, దాని పక్కన ఒక నల్లని ప్రశ్నార్థకమో, ఖాళీ డబ్బానో పడుతుంది. ఊరు తప్పు, పేరు తప్పు అంటే ఆధారపత్రాలు సరిపోలడం లేదని తిప్పి పంపేవారికి సాకు దొరికినట్టే. ఇందులో పద్ధతి తప్పేమీ లేదు. 'నేను మొదటిదాన్ని కాను' అనే గుర్తు వున్నది కనుక, తెగిన అక్షరం దాకా వెనక్కు పోయి అక్కడ శుభ్రంగా ఆపవచ్చును. ముందున్న అక్షరాలకు హాని రాదు. అసలు గడిని గదులలో కాక అక్షరాలలో కొలిస్తే ఈ గొడవే లేదు. గడి గీసేవారు తెలుగువారో తమిళులో అయితే ఈ మాట చెప్పనక్కర లేకపోవలసింది. మేము చూచినంతలో మనవాళ్లే యెక్కువ మరచిపోతున్నారు.

సెల్‌ఫోను పొట్టి సందేశాలలో ఇంకొక తమాషా. ఇంగ్లీషులో అయితే ఒక సందేశానికి 160 అక్షరాలు. అందులో ఒక్క తెలుగు అక్షరం పడిందా, మొత్తానికి 70 మాత్రమే. మించితే రెండు సందేశాల లెక్క. అక్కడ మార్పు పొడుగు పద్ధతి కాదు, అందరికీ పదహారు అరలే అనే పాత నియమం. ఒకే కొలత పెట్టినందువల్ల ఇంగ్లీషువారికి పోయినదేమీ లేదు, వారు ఏడు అరల పద్ధతిలోనే వుండిపోయినారు. పెళ్లి కబురు తెలుగులో పంపేవారు రెండింతలు చెల్లించినారు. 'కల్యాణం, రండి' అని రాయవలసినవారు ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు రాయడం మొదలుపెట్టినది ఆ పొదుపు కోసమే కూడాను.

మీ పాత పెట్టెలలో నిలువు, అడ్డం గీతల లెక్కలున్న చిట్టాలు గాని, తాటాకు కట్టలు గాని వుంటే దయచేసి చెత్తలో వేయకండి. ఒక పుటకు ఛాయాపటం తీసి సంఘానికి పంపండి; చదవగలిగినంత చదివి, మీ వాటా యెంతో రాసి పంపుతాము. ఎనిమిదో గుర్తు అయిన తూము సంగతి మిగిలిపోయింది. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము అని చాలా చోట్ల లెక్క. ఇరవై తూములు పుట్టి దగ్గరకు వచ్చేసరికి ఆ నాలుగుల వరుస యెందుకు చెదిరిందో వచ్చే నెల చూద్దాము.